రంగుచార చెదిరిన చోట

బీటెక్‌లో సివిల్, మెకానికల్ చదివే ప్రతి విద్యార్థీ ఏదో ఒక సెమిస్టర్‌లో వెంచురీమీటర్ బిగించిన గొట్టం ముందు నిలబడతాడు. వాల్వు తిప్పుతాడు. మానోమీటర్‌లో పాదరసం ఎంత ఎత్తు తేడా చూపిందో రాసుకుంటాడు. కలెక్టింగ్ ట్యాంకులో నీళ్లు పది సెంటీమీటర్లు పెరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసి, చివరికి ఒక గుణకం లెక్క కడతాడు. అది 0.98 దరిదాపుల్లో రావాలని ల్యాబ్‌లో అడుగు పెట్టకముందే అతనికి తెలుసు. రాకపోతే రీడింగే తప్పని తేల్చుకుని, అంకెలు సర్ది రికార్డులోకి ఎక్కిస్తాడు. పుస్తకంలో ఉన్న సూత్రానికి మరోసారి సాక్ష్యం చెప్పించడమే ల్యాబ్ పని అన్న నమ్మకం ఈ అలవాటు వెనక ఉంది. ఈ చదువు ఎలా పుట్టిందో చూస్తే మాత్రం ఆ నమ్మకానికి ఎక్కడా ఆధారం దొరకదు. ప్రవాహం గురించీ, వేడి ప్రయాణం గురించీ పుస్తకాల్లో ఉన్న సూత్రాలను నమ్మడానికి వీల్లేని రోజుల్లో, ఆ అనుమానం తీర్చుకునే చోటుగానే ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రయోగశాల నిలదొక్కుకుంది. ఆ మూలాన్ని మరిచిపోయాకే అది రికార్డులు నింపే గదిగా మారింది.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంజనీర్ల పరిస్థితి ఇది. పారిస్ వైద్యుడు పొజాయ్ రక్తప్రసరణ మీద ఆసక్తితో, మిల్లీమీటరు కంటే సన్నని గాజు నాళాల్లో నీటిని పారించి కొలిచాడు. అక్కడ వేగం రెట్టింపైతే నిరోధమూ రెట్టింపే. దీజోన్ పట్టణానికి మంచినీళ్లు తెచ్చిన ఆన్రీ డార్సీ పెద్ద గొట్టాల మీద ప్రయోగాలు చేసి 1857లో ఫలితాలు ప్రకటించాడు. అక్కడ వేగం రెట్టింపైతే నిరోధం ఇంచుమించు నాలుగు రెట్లు. ఇద్దరూ చాలా జాగ్రత్తగా కొలిచినవాళ్లే. ఇద్దరి అంకెలూ నికార్సైనవే. అయినా ఒకే నీరు, ఒకే గుండ్రటి గొట్టం, రెండు వేర్వేరు నియమాలు. ఏ సైజు దగ్గర, ఏ వేగం దగ్గర ఒక నియమాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకోవాలో చెప్పేవాళ్లు లేరు. ఊరికి పైపులైను వేసే ఇంజనీరు గతంలో పనికొచ్చిన సూత్రాన్నే వాడుకుని, మిగతాది అనుభవానికి వదిలేసేవాడు.

ఈ చిక్కు విప్పింది మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కాలేజీలో 1868 నుంచి ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా ఉన్న ఆస్బర్న్ రెనాల్డ్స్. కేంబ్రిడ్జిలో గణితం చదవడానికి ముందే ఆయన ఒక ఓడల తయారీదారు దగ్గర పని నేర్చుకున్నాడు. చేతిపని, లెక్క రెండూ తెలిసినవాడు. 1883లో ఆయన ప్రచురించిన ప్రయోగంలో ఆరడుగుల పొడవు, అడుగున్నర లోతు ఉన్న నీటితొట్టి ఉంది. దానిలోపల గాజు గొట్టం, దాని మూతికి బాకా ఆకారంలో వార్నిష్ పూసిన చెక్క నోరు. నీళ్లు నింపాక అవి పూర్తిగా నిమ్మళించేదాకా గంటల తరబడి కదపకుండా ఉంచేవారు. తర్వాత వాల్వు కొద్దిగా తెరిచి, గొట్టం నోటి దగ్గర సన్నగా రంగునీరు వదిలేవారు. నెమ్మదిగా పారినంతసేపూ రంగు గొట్టం పొడవునా తీగలా సాగేది. వాల్వు ఇంకాస్త తెరిస్తే, నోటికి కొంత దూరంలో ఆ తీగ ఉన్నట్టుండి చెదిరి గొట్టమంతా రంగు కలిసిపోయేది. విద్యుత్ మెరుపు వెలుతురులో చూస్తే ఆ కలగాపులగంలో సుడులు విడివిడిగా కనిపించాయి. గొట్టం వ్యాసం మార్చాడు, నీటి ఉష్ణోగ్రత మార్చి జిగట మార్చాడు. వేగం, వ్యాసం, జిగట కలిసిన ఒకే ఒక నిష్పత్తి ఈ మార్పును శాసిస్తోందని తేల్చాడు. పొజాయ్, డార్సీ ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు ఆ మార్పు జరిగే హద్దుకు ఇవతల, మరొకరు అవతల.

అది పరిశోధన కదా, విద్యార్థుల ల్యాబ్‌తో దానికేం సంబంధం అని అడగవచ్చు. ఈ అభ్యంతరం తేలిగ్గా తోసేయదగ్గది కాదు. 1883 నాటికి మాంచెస్టర్‌లో విద్యార్థుల కోసం పూర్తిస్థాయి ఇంజనీరింగ్ ప్రయోగశాల ఇంకా రాలేదు. బ్రిటన్‌లో అలాంటి బోధనకు దారి వేసింది లండన్ యూనివర్సిటీ కాలేజీలో అలెగ్జాండర్ కెనెడీ 1878లో పెట్టిన ల్యాబ్. అక్కడ ప్రధానమైనది లోహాల బలాన్ని పరీక్షించడం. మాంచెస్టర్ ల్యాబ్ ఆ తర్వాత పదేళ్లకు, యంత్రాల తయారీదారు జోసెఫ్ విట్‌వర్త్ పేరుతో వచ్చింది. కానీ అది వచ్చాక ఏం జరిగిందో చూడాలి. అక్కడి ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఆవిరి యంత్రాన్ని విద్యార్థులు నడిపి పరీక్షించేవారు. శక్తిని కొలవడానికి దానికి నీటితో పనిచేసే బ్రేకులు తగిలించారు. అదే యంత్రం, అవే బ్రేకులు వాడి రెనాల్డ్స్, ఆయన సహచరుడు మూర్‌బీ కలిసి మంచు చల్లదనంతో లోపలికి వెళ్లిన నీటిని మరిగే స్థితికి తెచ్చి, ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో 1897లో తేల్చారు. అదే ఊళ్లో భౌతిక శాస్త్రవేత్త జూల్ మొదలుపెట్టిన కొలతను విద్యార్థుల యంత్రం మీద మరింత కచ్చితంగా పూర్తిచేశారు. బోధనకు ఒక పరికరం, పరిశోధనకు మరొకటి అన్న గోడ ఆ గదిలో లేదు.

వేడి విషయంలో బోధనకూ పరిశోధనకూ మధ్య ఈ బంధం ఇంకా గట్టిది. బాయిలర్ గొట్టాల్లో వేడి వాయువు నుంచి లోహానికి వేడి ఎలా చేరుతుందన్న ప్రశ్న రెనాల్డ్స్ 1874లోనే వేసుకున్నాడు. సుడులు ఏ విధంగా వేగాన్ని గోడకు మోసి ఘర్షణ పుట్టిస్తున్నాయో, అదే విధంగా వేడినీ మోస్తాయని ఆయన ఊహ. అంటే గొట్టం ఘర్షణ తెలిస్తే వేడి ప్రసారం అంచనా వేయవచ్చు. ఇవాళ రెండు సెమిస్టర్లలో, రెండు ల్యాబుల్లో, రెండు రికార్డుల్లో విడివిడిగా చదివే సబ్జెక్టులు పుట్టుకలో ఒకే ప్రశ్న అన్నమాట! ఆ ఊహను కొలతల మీద పరీక్షించినవాడు థామస్ స్టాంటన్. ఓవెన్స్ కాలేజీలో చదివి, విట్‌వర్త్ ల్యాబ్‌లోనే డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాడు. లోహపు గొట్టాలకూ వాటిలో పారే నీటికీ మధ్య వేడి మారడం మీద 1897లో ఆయన పేపరు వచ్చింది. తర్వాత నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి వెళ్లి, 1914లో సహచరుడు పానెల్‌తో కలిసి గాలి, నీరు రెండింటి ఘర్షణ కొలతలనూ రెనాల్డ్స్ నిష్పత్తి మీద ఒకే వంపులోకి తెచ్చాడు. స్టాంటన్ సంఖ్య అని మన విద్యార్థులు బట్టీపట్టే పేరు ఒకప్పుడు ల్యాబ్‌లో జూనియర్లకు పరికరం చూపించిన మనిషిది.

మాంచెస్టర్ ఒక్కటే అనుకోకూడదు. రూర్కీలోని థామసన్ కాలేజీలో పనిచేసిన అలన్ కన్నింగ్‌హామ్ 1874 నుంచి 1879 వరకు గంగా కాలువ మీద వేగాలు కొలిచాడు. యూరప్ సూత్రాలు ఇంత పెద్ద మట్టి కాలువకు సరిపోతాయా అన్నదే అక్కడి అనుమానం. గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలు చూసుకునే ఇంజనీర్లకూ అది పరాయి ప్రశ్న కాదు.

ప్రతి విద్యార్థీ రెనాల్డ్స్ కాడు కదా, తెలిసినదాన్ని ముందు సరిగ్గా నేర్చుకోవద్దా అంటారు. నేర్చుకోవాలి. ఎవరూ కొత్త నియమం కనిపెట్టనక్కర్లేదు. తన చేతిలో పుట్టిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకోవడం మాత్రం ఇంజనీరు నేర్వాల్సిన మొదటి విద్య. ఇందుకు రెనాల్డ్స్ ప్రయోగమే మంచి ఉదాహరణ. నిమ్మళించిన తొట్టిలో రంగుచార ఆయన నిష్పత్తి 13,000 దాకా వెళ్లినా చెదరలేదు. అప్పటికే కలత పడ్డ నీటిని సీసపు గొట్టాల్లో పారించి ఒత్తిడి కొలిస్తే మార్పు 2,000 దగ్గరే కనిపించింది. సుమారు వందేళ్ల తర్వాత అదే తొట్టి మీద ప్రయోగం మళ్లీ చేస్తే, వీధిలో తిరిగే వాహనాల కంపనాలకు రంగుచార 13,000 కంటే ముందే చెదిరింది. పరికరం పాడవలేదు, చేసినవాళ్లు పొరపాటు చేయలేదు. చుట్టుపక్కల అలజడి కూడా ప్రవాహంలో భాగమేనని ఆ అంకె చెప్పింది. మన ల్యాబ్‌లో ఈ రీడింగు వస్తే ఏం చేస్తాం? కొట్టేసి 2,000 అని రాసుకుంటాం.

వీడియోలు, వర్చువల్ ల్యాబులు ఉండగా ఇంత తంటాలెందుకన్నది రెండో వాదన. యాషర్ షపిరో వంటివారు 1960లలో అమెరికాలో తీసిన ద్రవ ప్రవాహాల సినిమాలు నేటికీ అద్భుతమే. కంటికి కనబడని సుడిని వాటి కంటే బాగా చూపించినవి తక్కువ. వాటిని తరగతిలో చూపించి తీరాలి. కానీ కంప్యూటర్ తెర మీది గొట్టంలో గాలిబుడగ చిక్కుకోదు, మానోమీటర్ కారదు. ఎవరో ముందే రాసిపెట్టిన సూత్రమే అక్కడ జవాబు చెబుతుంది కాబట్టి ఆ సూత్రాన్ని అనుమానించే అవకాశం ఉండదు. మిగిలింది టైమ్, డబ్బు. ఒక బ్యాచ్‌కు మూడు గంటలు, హీట్ ఎక్స్‌ఛేంజర్ స్థిమితపడటానికే అందులో పెద్ద భాగం పోతుంది. ఇది నిజమైన ఇబ్బందే. అందుకే సెమిస్టర్‌కు పన్నెండు ప్రయోగాలు పైపైన ముగించడం కంటే నాలుగు ప్రయోగాలు లోతుగా చేయించడం మేలని నా వాదన. లోపలి గరుకుతనం తెలియని పాత ఇనుప గొట్టం ఒకటి ఇచ్చి, దాని ఘర్షణ కొలిచి, అదే గొట్టంలో వేడినీటిని పారిస్తే ఎంత వేడి బయటికి పోతుందో ముందుగా అంచనా రాయించి, ఆ తర్వాత థర్మోకపుల్ పెట్టి చూడమనండి. అంచనాకు, కొలతకు తేడా వస్తుంది. ఆ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో వివరించినందుకే మార్కులు వేయండి. దీనికి కావలసిన గొట్టం, పంపు, థర్మామీటర్లు ప్రతి కాలేజీ స్టోరులోనూ ఉన్నాయి.