నంబరు తంతి నుంచి నమస్కారం బొమ్మ దాకా



పెండ్లి ఫొటో పెట్టినా, చావు కబురు పెట్టినా, చేతులు జోడించిన బొమ్మ ఒకటి నొక్కి ఊరుకుంటున్నారని మన గ్రూపులో పెద్దవాళ్లు నొచ్చుకుంటున్నారు. ఈ కాలం పిల్లలకు మర్యాద తెలియదంటున్నారు. అయితే ఈ పద్ధతి పిల్లలు కనిపెట్టింది కాదు.

మా వయసువాళ్లకు నంబరు తంతి జ్ఞాపకం ఉంటుంది. (తమిళంలోనూ తంతే, తెలుగులోనూ తంతే, తమిళ బడిలో చదివిన మాకు అదొక సౌకర్యం.) పెండ్లికి, దీపావళికి, బిడ్డ పుట్టినందుకు, పరీక్ష పాసైనందుకు వాక్యాలు తంతి శాఖవాళ్లే తయారుచేసి, ఒక్కొక్కదానికి ఒక నంబరు ఇచ్చారు. మనం అడ్రసు, నంబరు, పేరు రాసిస్తే చాలు. తీగమీద పోయేది నంబరే. అవతలి ఆఫీసులో దానికి తగిన వాక్యం పూర్తిగా రాసి, బొమ్మలు అచ్చువేసిన కాగితంలో ఇచ్చేవారు. మాటకు ఇంత అని లెక్కగట్టే కాలం కనుక ఖర్చూ కలిసొచ్చేది. చాలా రైల్వే స్టేషన్లలో కూడా జనం తంతి ఇవ్వగలిగేవారు. ఒకే వాక్యం పదిమంది నుంచి వచ్చినా పెండ్లివారు నొచ్చుకోలేదు. కాగితాలు పెట్టెలో దాచుకున్నారు. 2013 జూలైలో తంతి ఆగిపోయింది.

కాలణా పోస్టుకార్డు 1879లోనే వచ్చింది. క్షేమం అని రెండు వరుసలు రాస్తే సరిపోయేది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మిస్డ్ కాల్ పెరిగింది: ఊరు చేరితే ఒక రింగు. ఫేస్‌బుక్‌లో లైక్ 2009లో వచ్చింది. 2018లో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టుపెట్టింది. అది అబద్ధపు వార్తలవల్ల ప్రాణాలు పోయినందుకు, గుడ్ మార్నింగులకు కాదు.

తేడా ఒకటి ఉంది. నంబరు తంతి ఇచ్చినవాడు రాలేనంత దూరంలో ఉండేవాడు. పొల్లాచ్చిలోనే ఉన్నవాడు ఇంటికి వచ్చి కూర్చునేవాడు. మొన్న ఒక చావుకు గ్రూపులో నూరుకు మించి బొమ్మలు వచ్చాయి, అదే వీధివాళ్లవి కూడా. కర్మాంతరం లోపల ఆ గడప తొక్కినవాళ్లు కొద్దిమందే. ఆ ఇంటి పెద్దమ్మ ఫోను చూడదు.

గుడ్ మార్నింగ్ బొమ్మను మాత్రం మేము తప్పుపట్టం. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండగా ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు మన సంఘంలో ఎందరో. ఐదున్నరకు రావలసిన బొమ్మ ఎనిమిదైనా రాకపోతే, పోయి తలుపు తట్టేవాడు ఒకడుండాలి. ఆ బొమ్మకు విలువ అక్కడుంది. చావు కబురు కింద బొటనవేలు పెట్టకండి. ఊళ్లో ఉంటే పోయి రండి. దూరంలో ఉంటే ఫోను చేసి రెండు మాటలు మాట్లాడండి.

మీ ఇండ్లలో పాత పెండ్లి తంతి కాగితాలు ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ ఊరి నుంచి వచ్చిందో, పంపినవారు మీకు ఏం కావాలో కూడా రాయండి.