కాటన్‌కు గౌరవం, పింజారికి తిట్టు

మా ఇంట్లో అది రూయీ. వీధిలో దూది. చేలో పత్తి. పక్కింటి కన్నడమోళ్ళ నోట హత్తి. బడికెళ్ళాక కాటన్. ఎమ్మిగనూరుకీ ఆదోనికీ మధ్య పెరిగిన మాకు ఒక్క తెల్లటి వస్తువుకు ఇన్ని పేర్లుండటం వింతనిపించలేదు. ఏ పేరు ఎవరి నోట పలికితే ఎవరికి గౌరవం, ఎవరికి అవమానం అన్నది మాత్రం చాలా ఆలస్యంగా అర్థమైంది.

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతే చూద్దాం. ఆదోనిలో కాటన్ అంటే మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లు, బేళ్ళెక్కించిన లారీ. 'ఈ పొద్దు కాటన్ ఎంత పలికింది?' అంటే క్వింటాలు ధర చెప్పాలి. అక్కడి నుంచి బస్సెక్కి ఎమ్మిగనూరులో దిగితే అదే మాట మగ్గమవుతుంది. నూలు నంబరు, దుప్పటి, తువ్వాలు, చీర. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరికి ఆ పేరు తెచ్చింది. కిరాణా కొట్లో కాటన్ అంటే సబ్బులొచ్చిన అట్టపెట్టె. ఆరెంపీ డాక్టరు దగ్గర గాయం తుడిచే దూదిముక్క.

జిల్లా దాటితే అర్థం ఇంకా మారిపోతుంది. గోదావరి వాళ్ళకు కాటన్ అంటే పత్తి కాదు, నీళ్ళు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ దొర. ఊరూరా విగ్రహం. నిజానికి ఆ ఇంటిపేరుకీ పత్తికీ చుట్టరికమే లేదు. అది పాత ఇంగ్లీషులో గుడిసెలన్న మాట నుంచి వచ్చింది. మా పడమటి తాలూకాలు దశాబ్దాల తరబడి వానకు ఎదురుచూసినవే. ఇక్కడ కాటన్ అంటే మెట్టచేను.

గుంటూరు, ప్రకాశం రైతును అడిగితే 1987లో తెల్లదోమ తినేసిన పైరు గుర్తుకొస్తుంది. వరంగల్లు రైతుకు 1997-98లో పురుగుమందు డబ్బా, దాని పక్కన శవం గుర్తుకొస్తాయి. కోసిగి, మంత్రాలయం వైపు కూలోళ్ళకు కాటన్ అంటే సుగ్గి. పిల్లాజెల్లాతో లారీ ఎక్కి గుంటూరు వైపు పోవడం, పగలంతా పత్తి తీసి, మిరపకాయలు కోసి రాత్రికి గుడారంలో పడుకోవడం. హైదరాబాదు పెద్ద దుకాణంలో 'ప్యూర్ కాటన్' అంటే వేలు పోసి కొనుక్కునే నిరాడంబరత.

సముద్రం దాటినా ఇదే కథ. ఇంగ్లండులో కాటన్ అంటే బొత్తాం కుట్టే దారం కూడా. అమెరికా నల్లజాతి వాళ్ళకు అది తాత ముత్తాతల వీపు మీది కొరడా వాత. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి ఓడరేవులు మూతపడితే మాంచెస్టర్ మిల్లులు మన పత్తి మీద పడ్డాయి. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1800లో నిజాము కంపెనీకి ధారాదత్తం చేసిన సీమ ఇది. యుద్ధమున్నన్నాళ్ళు ధర ఎగిరింది, ముగియగానే కూలింది. పదకొండేళ్ళకు 1876-78 ధాత కరువు వచ్చి మనుషుల్ని మింగేసింది. న్యూయార్కులో పత్తి ధర ఎంతకు మొదలై ఎంతకు ముగుస్తుందో బొంబాయిలో పందెం కాసేవాళ్ళు. ఆ పందేనికే తర్వాత మట్కా అని పేరొచ్చింది. పత్తి పోయి అంకెలు మిగిలాయి. రెండో బొంబాయి అనిపించుకున్న ఆదోనిలో ఆ అంకెలకు కాపురాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇన్ని ఊళ్ళు తిరిగిన ఈ మాట ఇంగ్లీషువాడిదేనా? కాదు. అరబ్బీలో పత్తిని ఖుత్న్ అంటారు. ముస్లింలు ఏలిన స్పెయిన్, సిసిలీల మీదుగా ఆ పంటా ఆ పేరూ యూరపు చేరాయి. స్పెయిన్ వాళ్ళు ముందున్న 'అల్'తో సహా తీసుకుని అల్గొదోన్ అన్నారు. ఫ్రెంచి వాళ్ళు కొతోన్ అన్నారు. ఇంగ్లీషు వాళ్ళు కాటన్ అన్నారు. అంతకన్నా ముందే మన కార్పాసం పడమరకు నడిచి గ్రీకుల భాషలో చేరింది. మాటలకు మతం లేదు, సరిహద్దు లేదు. అయినా అరబ్బీ మాట ఇంగ్లీషు కోటు తొడుక్కుని మా ఊరొస్తే దానికి కుర్చీ వేశారు.

మరి ఆ పని చేసిన మనిషికి? గింజ తీసిన పత్తిని వింటితో ఏకి, మెత్తటి మబ్బులా చేసి పరుపు కుట్టిచ్చిన మనిషికి ఏం పేర్లు పెట్టాం? తెలుగులో దూదేకుల. అరబ్బీలో నద్దాఫ్, మా నోళ్ళలో లద్దాఫ్. పింజెలు విడదీసేవాడు కనుక పింజారి. ఉత్తరాదిన వీళ్ళే మన్సూరీలు. 922లో బాగ్దాదులో మరణశిక్ష పొందిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరు పెట్టుకున్నారు. హల్లాజ్ అంటే పత్తి ఏకేవాడనే అర్థం. అక్కడ ఆ మాట ఒక వలీ పేరులో భాగమై వెయ్యేళ్ళు నిలిచింది. ఇక్కడ అదే పని పేరు బూతుమాటయింది.

మా బడిలో ఒక అయ్యవారు లెక్క తప్పిన పిల్లాణ్ణి 'పింజారీ వెధవా' అని తిట్టారు. ఆ పిల్లాడు దూదేకులవాడు కాదు, ఊళ్ళో ఆస్తిపరుల బిడ్డ. తిట్టు తిన్నవాడు నవ్వుకుంటూ కూర్చున్నాడు. తల దించుకున్నది వెనక బెంచీలో ఉన్న ఇంకో పిల్లాడు. వాళ్ళ నాయన పరుపులు కుట్టేవాడు. ఏకు మేకవడమంటే ఏమిటో ఆ రోజు ఆ ముఖంలో చూశాం. తిట్టినాయనకు తాను ఒక కులాన్ని తిట్టానన్న స్పృహే లేదు. ఆ తిట్టు కథల్లోకీ సినిమాల్లోకీ కూడా అంతే తేలిగ్గా నడిచిపోయింది.

ఇంతవరకు రాసి ఊరుకుంటే మేము అబద్ధమాడినట్టే. ఇక్కడ 'మేము' అంటే ఎవరిమి? ఇంట్లో ఉర్దూ మాట్లాడే షేకులం, సయ్యదులం, పఠానులం. దూదేకులోళ్ళ ఇంటి భాష తెలుగు. హుస్సేనప్ప, దస్తగిరి, మాబున్ని అని పేర్లు పెట్టుకుంటారు, పీర్లను ఎత్తుతారు, దర్గాకు పోతారు. ఊరు వాళ్ళను తురకోళ్ళంది. మేమేమో 'ఉర్దూ రాని తురకేంది?' అని ఎకసెక్కమాడాం. మసీదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడ్డాం, దస్తర్ఖాన్ దగ్గరకొచ్చేసరికి దూరం జరిగాం. ఇస్లాంలో కులం లేదని సభల్లో గొంతు చించుకున్న మేమే, మా ఆడపిల్ల పెళ్ళికి పరుపు కుట్టించడానికి ఆ ఇంటికి కబురంపాం. సంబంధం అడగడానికి మాత్రం ఎన్నడూ ఎవర్నీ పంపలేదు.

సర్కారు లెక్కల్లోనూ ఈ మనిషి ముక్కలయ్యాడు. ఆంధ్రప్రదేశ్‌లో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్న నాలుగు పేర్లూ ఒక్క వరసలో బీసీ-బీ జాబితాలో ఉన్నాయి. 2007లో ముస్లింలలోని మరికొన్ని వెనకబడిన సమూహాలకు బీసీ-ఈ వచ్చింది. 1953లో ఆదోని, ఆలూరు ఆంధ్రకు వచ్చి బళ్ళారి మైసూరుకు పోయింది కదా. ఆ గీతకు అవతల ఉన్న ఇదే జనం కర్ణాటకలో నదాఫ్, పింజార్ పేర్లతో ఇంకో జాబితాలో ఉన్నారు. ఒకే తాత మనవళ్ళు, రెండు రాష్ట్రాల్లో రెండు లెక్కలు.

అయినా వీళ్ళు ఊరికే తల దించుకుని కూర్చోలేదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు దూదేకుల సిద్ధయ్య ఆ పేరుతోనే జనం నోళ్ళలో నిలిచాడు. బుర్రకథను ఊరూరికీ మోసిన షేక్ నాజర్ ఆత్మకథకు పేరు 'పింజారి'. పద్మశ్రీ అందుకున్న మనిషి తన జీవితానికి ఆ మాటనే అట్టమీద అచ్చేయించుకున్నాడు. తిట్టినవాళ్ళు ఆ పుస్తకం అడగాలన్నా ఆ మాటను మర్యాదగా పలకాల్సిందే.

ఇప్పుడు ఎమ్మిగనూరు వీధుల్లో విల్లు మీటిన మోత వినపడదు. దూది యంత్రంలో ఏకుతున్నారు, జనం ఫోము పరుపులు కొంటున్నారు. పని పోయింది, తిట్టు మిగిలింది. బయటివాళ్ళను 'ఆ మాట ఎందుకంటారు' అని నిలదీసే హక్కు మాకుంది. కానీ ముందు మా దీవాన్‌ఖానాలో, మా ఉర్దూలో నవ్వుతూ ఆ మాటన్న మా పెద్దలనూ మమ్మల్నీ అడగాలి. వెనక బెంచీలో తల దించుకున్న ఆ పిల్లాడి పక్కనే ఆ రోజు మేమూ కూర్చున్నాం. నోరు మెదపలేదు.