కొనే ఊరు నస్పూర్

నస్పూర్ చరిత్ర అడిగితే ఎవరైనా బొగ్గు కథే చెబుతారు. శ్రీరాంపూర్ బాయిలు, ఆర్కే, ఎస్సార్పీ అంటూ సాగే గనుల నంబర్లు, సీసీసీ (కోల్ కెమికల్ కాంప్లెక్స్), సింగరేణి బొగ్గు కంపెనీ క్వార్టర్లు, 2018లో మున్సిపాలిటీ హోదా, 2023 జూన్ 9న ఇక్కడే తెరుచుకున్న మంచిర్యాల జిల్లా కలెక్టరేట్, 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో విలీనం. ఈ వరుసలో చేతిపనికి చోటే కనిపించదు. మా ఊరికి పేరు తెచ్చిన బొమ్మ లేదు, చీర లేదు, నగ లేదు. అయితే మ్యాపు ముందు పెట్టుకుని చూస్తే నస్పూర్ మూడు గొప్ప చేతిపనుల నడుమ ఉంది. గోదావరి దాటితే కరీంనగర్ వెండి తీగపని. పడమటికి పోతే నిర్మల్ బొమ్మలు. వాయవ్యంగా జైనూర్, కెరమెరి కొండల వైపు ఓజాల ఇత్తడి పోత. ఏదైనా రెండు మూడు గంటల ప్రయాణమే. మూడింటినీ పట్టి పీడిస్తున్నది డూప్లికేట్ల బెడద. ఈ బెడద గురించి రాసేవాళ్ళంతా తయారయ్యే ఊళ్ళకే వెళ్తారు, కళాకారుడి కష్టం రాస్తారు, కాపీ కొట్టేవాణ్ణి తిట్టి ముగిస్తారు. ఆ కథ సగమే. నకలు పుట్టేది చేసే ఊళ్ళో కాదు, చేసేవాడెవరో తెలియకుండా కొనే ఊళ్ళో. అలాంటి ఊళ్ళలో నస్పూర్ ఒకటి. అందుకే ఈ సంగతిని మా ఊరి చరిత్రలో భాగంగా రాయాలి.

ముందు ఓజాల సంగతి చూద్దాం, మూడింటిలో అది అన్నిటికంటే స్పష్టంగా ఉంటుంది. ఉషేగావ్, కేస్లాగూడ లాంటి ఊళ్ళలో ఓజాలు తరతరాలుగా గోండులకు దేవతా రూపాలు, గంటలు, నగలు పోతపోసి ఇచ్చారు. పద్ధతి తెలిసిందే. మట్టితో లోపలి రూపం చేస్తారు, దాని మీద తేనెమైనాన్ని సన్నని దారాలుగా లాగి చుడతారు, మళ్ళీ మట్టి పూస్తారు, కాలుస్తారు. మైనం కరిగి పోయిన జాగలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే మూస పగలాల్సిందే. ఒక మూసకు ఒకటే బొమ్మ. ఇంత శ్రమ పడి చేసిన వస్తువుకు ఆ రోజుల్లో నకలు బెడద ఎందుకు లేదు? యంత్రాలు లేకపోవడం ఒక కారణమే గాని, అసలు కారణం అది కాదు. కొనే గోండుకు చేసే ఓజా ఎవరో తెలుసు. ఏ కుటుంబం చేస్తుందో తెలుసు, ఏ దేవతకు ఏ గుర్తులు ఉండాలో తెలుసు. గుడిలో పెట్టుకునే రూపాన్ని ఎవరో ఏదో అచ్చులో పోసి తెచ్చి ఇస్తే తీసుకునేవాడే లేడు. కొనేవాడి తెలివిడే అక్కడ కాపలా. అదే బొమ్మ ఎగ్జిబిషన్ స్టాలులోకి, హైవే పక్క దుకాణంలోకి, టీవీ పక్కన షోకేసులోకి వచ్చిన రోజున ఆ కాపలా పోయింది. షోకేసులో పెట్టుకునేవాడికి కావాల్సింది మైనపు దారాల గీతలు పైకి కనబడే పాతకాలపు రూపం. ఆ రూపాన్ని లోహపు అచ్చుతో పోయవచ్చు, రెజిన్‌తో చేసి ఇత్తడి రంగు పూయవచ్చు. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే గీతకు గీత, నొక్కుకు నొక్కు కలిశాయంటే అవి ఒకే అచ్చువని అనుమానించాలి. కాని షోకేసుకు ఎవరైనా రెండు ఎందుకు కొంటారు?

ఇక్కడే బొగ్గు ఊరు కథలోకి వస్తుంది. బాయిలు తెరుచుకున్న కొద్దీ గోదావరికి ఆవలి ఊళ్ళ నుంచి, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో జనం వచ్చి నస్పూర్, శ్రీరాంపూర్‌లలో స్థిరపడ్డారు. సొంత ఊళ్ళో వాళ్ళకు కుండ చేసే కుమ్మరి, బట్ట నేసే పద్మశాలి పేరుతో సహా తెలుసు. ఇక్కడికి వచ్చాక నెల జీతం తెలుసు, దసరా ముందు లాభాల వాటా తెలుసు, దీపావళి బోనస్ తెలుసు. చేతిలో పైసలుండీ చేసేవాడి మొహం తెలియని కొనుగోలుదారు ఒకడు మొదటిసారి ఇంత పెద్ద సంఖ్యలో తయారయ్యాడు. ఇది తప్పు అనడం లేదు. చెమటోడ్చి సంపాదించిన సొమ్ముతో ఇంట్లో అందమైన వస్తువు పెట్టుకోవాలనుకోవడంలో తప్పేముంది? కాని నకలు వ్యాపారానికి కావాల్సిన మనిషి సరిగ్గా ఇతనే. గృహప్రవేశానికో, రిటైర్మెంటు సభకో ఏదైనా ఇవ్వాలి, అది తెలంగాణ కళలా కనిపించాలి, రేపటికల్లా కావాలి. ఎక్కడిది, ఎవరు చేశారు అన్న ప్రశ్న ఈ మూడు అవసరాల్లో లేదు.

నిర్మల్, కరీంనగర్ కూడా ఈ దారే పట్టాయి, కాకపోతే అక్కడ మొదటి కొనుగోలుదారులు పెద్దింటివాళ్ళు. తీగపనిలో వెండిని వెంట్రుకంత సన్నగా లాగి, రెండు పోగులు మెలిపెట్టి, చట్రంలో పూలుగా, ఆకులుగా అమర్చి అతుకుతారు. అత్తరుదానులు, పాన్‌దానులు, గంధపు గిన్నెలు నిజాం కాలపు సంపన్నుల ఇళ్ళకు వెళ్ళేవి. ఆ ఇళ్ళవాళ్ళు తూకం చూసి, పని చూసి కొనేవాళ్ళు. నిర్మల్‌లో నకాషీలు పొనికి చెక్కను మలిచి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి భాగాలు అతికి, రంగులు వేస్తారు. 1955లో అక్కడ కళాకారుల సహకార సంఘం ఏర్పడింది. మంచి పనే, కాని అప్పటి నుంచే సరుకు దూరపు నగరాల షోరూములకు, తెలియని చేతులకు ఎక్కువగా వెళ్ళసాగింది. ఇంకో ఇబ్బంది గురించి ఎవరూ మాట్లాడరు, ముడిసరుకు. పొనికి కోసం నకాషీ అడవి మీద, అటవీ శాఖ మీద ఆధారపడాలి. వెండి ధర పెరిగినప్పుడల్లా తీగపనివాడి పెట్టుబడి పెరుగుతుంది. నకలు చేసేవాడికి ఈ బాధలేవీ లేవు. నొక్కి చేసిన చెక్కపొడి బోర్డు, రెజిన్, వెండిపూత రేకు ఎంత కావాలంటే అంత దొరుకుతాయి. కాబట్టి ధరలో పోటీ పడి నకలును ఓడిస్తామనే ఆశ అసలుకే లేదు.

అయితే చట్టం ఉంది కదా అంటారు. ఉంది. భౌగోళిక గుర్తింపుల (జీఐ) చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబర్ 15 నుంచి అమలవుతోంది. పోచంపల్లి ఇకత్‌కు 2005లో, కరీంనగర్ వెండి తీగపనికి 2007లో, నిర్మల్ బొమ్మలకు 2009లో, ఓజాల ఇత్తడి పోత అయిన ఆదిలాబాద్ డోక్రాకు 2018లో ఆ గుర్తింపు దక్కింది. జీఐ వచ్చిన ప్రతిసారీ ఇక నకళ్ళ పని అయిపోయిందన్నట్టు వార్తలు వచ్చాయి. చట్టాన్ని దగ్గరగా చదివితే అది కాపాడేది పేరునని తెలుస్తుంది. నిర్మల్‌లో చేయని బొమ్మను నిర్మల్ బొమ్మ అని అమ్మితే నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. అదే బొమ్మను ఏ పేరూ చెప్పకుండా "హస్తకళ" అనో "యాంటిక్ పీస్" అనో అమ్మితే ఆ చట్టానికి చిక్కడు. ఇకత్ గళ్ళను బట్ట మీద అచ్చొత్తి "ఇకత్ ప్రింట్" అని అమ్మేవాడు పోచంపల్లి పేరే ఎత్తడు. పోనీ డిజైన్ల చట్టం చూద్దామంటే, 2000 నాటి ఆ చట్టం కొత్త రూపాలకే వర్తిస్తుంది. తాతల నాటి రూపం కొత్తది ఎలా అవుతుంది? కాపీరైట్ ఉందనుకుంటే, డిజైన్‌గా నమోదు చేయదగినదై ఉండీ నమోదు కాని రూపాన్ని యంత్రపద్ధతిలో యాభైకి పైగా తయారు చేయిస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. ఇన్ని చట్టాల నడుమ ఓజా చేతి రూపం మాత్రం ఎవరిదీ కాకుండా మిగిలింది.

దీనికి మంచి సాక్ష్యం మన పక్క రాష్ట్రంలోనే దొరికింది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాదా మిలన్ ఫ్యాషన్ ప్రదర్శనలో కొల్హాపురి చెప్పులను పోలిన చెప్పులు చూపించింది. కొల్హాపురికి 2019 నుంచి జీఐ ఉంది. కాని ప్రాదా వాటిని కొల్హాపురి అనలేదు, ఉత్త తోలు చెప్పులన్నది. బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే, గుర్తింపు పొందిన హక్కుదారులు కాని మీరు ఎలా వస్తారని కోర్టు కొట్టేసింది. చివరికి ఆ కంపెనీని కదిలించింది దేశమంతా రేగిన రచ్చ. ఈ చెప్పులకు స్ఫూర్తి భారతీయ చేతిపనే అని ఒప్పుకుంది, ఏడాది చివర్లో మహారాష్ట్ర, కర్ణాటకల తోలు సంస్థలతో కలిసి చెప్పులు చేయించేందుకు ఒప్పందానికి వచ్చింది. చట్టం చేయలేని పనిని కొనేవాళ్ళ నోరు చేసింది. ఇంత గొడవ రేగడానికి కొల్హాపురి దేశమంతా గుర్తుపట్టే చెప్పు కావడం కూడా కారణమే. ఉషేగావ్ బొమ్మను మిలన్‌లో పెడితే నస్పూర్‌లో ఎంతమంది గుర్తుపడతారు?

ఈ మాటకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. కళ బతికిందే కాపీల మీద కదా, నిర్మల్ చిత్రాల్లో అజంతా రూపాలు, మొఘల్ సూక్ష్మచిత్రాల ధోరణులు లేవా, తీగపని ఒక్క కరీంనగర్ సొత్తా, కటక్‌లోనూ లేదా అంటారు. ఇవన్నీ నిజాలే. కటక్ రూపా తారకసికి 2024లో విడిగా జీఐ వచ్చింది. మైనపు పోత బస్తర్‌లో ఉంది, ఒడిశాలో ఉంది, బెంగాల్‌లో ఉంది. ఇవి ఒకే పనికి అనేక శాఖలు. అయితే ఎరువు తెచ్చుకోవడం వేరు, వేషం వేసుకోవడం వేరు. అజంతా బొమ్మ వేసిన నకాషీ దాన్ని అజంతా గోడ మీద నుంచి తెచ్చానని అమ్మలేదు, నిర్మల్ పనిగానే అమ్మాడు. రూపం అరువు తెచ్చుకున్నా పని తన చేతిది. కటక్ పనివాడు తన తీగపనిని కటక్ పేరుతోనే అమ్ముతాడు. నేను తప్పు పడుతున్నది రూపాన్ని పోలి ఉండటాన్ని కాదు, చేతిపని కాని దాన్ని చేతిపనిగా నమ్మించడాన్ని. కోర్టుకు ఈ తేడా తేల్చడం కష్టం కావచ్చు, కొనేవాడికి మాత్రం ఒక్క ప్రశ్నతో తేలుతుంది.

ఇంకో అభ్యంతరం మనసుకు మరీ దగ్గరది. నకలు చేసేవాడూ కూలివాడే కదా? పక్కనే ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో సిరిసిల్ల మరమగ్గాలు ఉన్నాయి. చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించిన 1985 చట్టాన్ని సుప్రీంకోర్టు 1993లో సమర్థించినా, చేనేత రూపాలు మరమగ్గం మీదికి ఎక్కడం ఆగలేదు. అక్కడి కార్మికుల ఆకలి, ఆత్మహత్యలు మరిచిపోయే సంగతి కాదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వాళ్ళకు కొంత పని చూపించాయి. అదే ఇక్కడ గమనించాలి. ఆ చీర మరమగ్గం మీద నేసిందే, దానివల్ల ఎవరి కూడూ పోలేదు. కూలివాడి పొట్ట నింపేది పనే గాని అబద్ధపు లేబుల్ కాదు. లేబుల్ మీద మిగిలే లాభం మగ్గం దగ్గరికి రాదు, నడుమ అమ్మేవాడి గల్లాపెట్టెలోకే పోతుంది. తక్కువ జీతంవాడు అసలు కొనలేడనే మాటకూ నా జవాబు ఇంతే. రెజిన్ బొమ్మ కొనుక్కోనివ్వండి, రెజిన్ అని తెలిసి కొనుక్కోనివ్వండి. గుత్తేదారు కింద పనిచేసే కార్మికుడి మీద హస్తకళల భారం మోపడం అన్యాయం.

భారం మోయగలవాళ్ళు వేరే ఉన్నారు. కలెక్టరేట్ నస్పూర్‌కు వచ్చాక జిల్లా స్థాయి సభ లేని వారం అరుదు. సభ అంటే శాలువా, జ్ఞాపిక. కంపెనీ వేడుకలు, యూనియన్ సభలు, బ్యాంకుల, పాఠశాలల వార్షికోత్సవాలు కూడా అంతే. ఇవి సొంత జేబులోంచి పోయే డబ్బులు కావు, బిల్లు మీద పోయేవి. బిల్లు ఉన్నచోట షరతు పెట్టవచ్చు. జీఐ చట్టంలో అధీకృత వినియోగదారుడనే ఏర్పాటు ఉంది. సంఘం పేరిట గుర్తింపు వచ్చినా ప్రతి కళాకారుడూ విడిగా దరఖాస్తు చేసుకుని ఆ హోదా పొందాలి, అప్పుడే ఎవరైనా పేరు వాడుకుంటే దావా వేసే హక్కు కూడా వస్తుంది. ఆ పేర్లు చెన్నైలోని రిజిస్ట్రీలో నమోదవుతాయి, ఎవరైనా చూసుకోవచ్చు. కాగితం చుట్టూ తిరగడానికి పని దినాలు పోగొట్టుకోవడం కళాకారుడికి ఇష్టం ఉండదు, అందులో అతని తప్పూ లేదు, ఇంతవరకు ఆ కాగితం అడిగినవాడే లేడు. జ్ఞాపిక సరఫరా చేసేవాడు చేసిన వ్యక్తి పేరు, ఊరు, అధీకృత నంబరు బిల్లులో రాయాలని కార్యాలయాలు అడగడం మొదలుపెడితే ఆ కాగితానికి విలువ వస్తుంది. 2023లో ఢిల్లీ జీ20 సమావేశానికి బ్యాడ్జీలు కరీంనగర్ తీగపనివాళ్ళు చేసి ఇచ్చారు. అంత దూరపు సభకు ఎవరు చేశారో అడిగి చేయించినప్పుడు, గోదావరి ఇవతలి సభకు చేయించలేమా?

చేతిపనివాళ్ళు అడిగిన టైముకు అన్ని పీసులు ఇవ్వలేరు అని ఒక మాట వినిపిస్తుంది. వారంలో కావాలంటే నిజంగానే ఇవ్వలేరు. కాని రాష్ట్ర అవతరణ దినం జూన్ 2నే వస్తుంది, గణతంత్ర దినం జనవరి 26నే వస్తుంది, సింగరేణి డే డిసెంబర్ 23 ఏ ఏడూ మారదు. డిసెంబర్ సభకు ఆర్డరు దసరా నాటికి ఇస్తే ఉషేగావ్‌లో ఒక్కో బొమ్మకు ఒక్కో మూస పగలగొట్టడానికి కావాల్సినంత గడువు దొరుకుతుంది.