సభ ఎక్కడ పెడితే ఎవరు మాట్లాడుతరు?



పోయిన ఏడాది మన మహాజన సభను పట్నంలో ఒక ఫంక్షన్ హాలులో పెట్టుకున్నం. మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి, పూల స్టేజీ, అన్నీ బాగున్నయి. ఫోటోలు కూడా మంచిగ వచ్చినయి. పొద్దున అంతా సన్మానాలు, ఉపన్యాసాలు నడిచినయి. భోజనాలు అయ్యేసరికి దూరం గూడేల నుంచి, తండాల నుంచి వచ్చిన అక్కలు ఆఖరి బస్సు పోతదని ఒక్కొక్కరే లేచిపోయిండ్రు. అసలు ముచ్చట ఆ తర్వాత మొదలైంది. నెల కిస్తు గడువు తారీకు దాటితే జరిమానా వెయ్యాలన్న తీర్మానం అప్పుడే చర్చకు వచ్చింది. చేతులెత్తింది పట్నం దగ్గరోళ్లు. తీర్మానం పాసైంది. పత్తి పైసలు చేతికి రాని నెలల్ల కిస్తు ఎట్ల కట్టాలో తెలియక తిప్పలు పడేటోళ్లు మాత్రం అప్పటికి బస్సుల ఉన్నరు.

తర్వాత గ్రామ సంఘం మీటింగులల్ల ఒకటే మాట వినబడింది: "ఆ తీర్మానం మాకు ఎర్కనే లేదు." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. హాలు బుక్ చేసింది మేమే, ఎజెండా రాసింది మేమే. తప్పు మాదే.

ఆ తప్పు నుంచే ఈ వ్యాసం పుట్టింది. సభకు జాగ ఎంచుకునుడు అంటే కిరాయి, కుర్చీలు, భోజనాల లెక్క మాత్రమేనా? మన కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల చరిత్రను కొంచెం వెనక్కి తిరిగి చూస్తే ఆ లెక్క వేరేగ కనబడ్డది. అది మీతో పంచుకుంటున్నం.

మాట సాగని హాలు

ముందుగాల హైదరాబాదు ముచ్చట చెప్పాలె. ఎందుకంటే మన సిరిసిల్ల కథకు మూలం అక్కడ ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినిలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. స్త్రీ విద్య కోసం జీవితమంతా పనిచేసిన మహర్షి కర్వే ఆ సభకు అధ్యక్షుడు. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగినయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు చప్పట్లు కొట్టి, గోల చేసి ఆయనను మాట్లాడనియ్యలేదు. సంస్థానంలో సగం మందికి దగ్గరదగ్గర మాట్లాడే భాషకు ఆ హాలులో చోటు దొరకలేదు.

ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది పెరిగి 1930లో ఆంధ్ర మహాసభ అయింది. మొదటి మహాసభను వాళ్లు హైదరాబాదులో పెట్టలేదు. మెదక్ జిల్లా జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన పెట్టిండ్రు. అప్పట్లో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలె. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు మెడ మీద కత్తి లెక్క ఉండేది. అయినా ఒక్కోసారి ఒక్కో ఊరు ఎంచుకున్నరు. జోగిపేట తర్వాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాద్. జనం రాజధానికి పోవుడు కాదు, సభనే జనం దగ్గరికి నడిచి వచ్చింది.

1935, సిరిసిల్ల

నాలుగో ఆంధ్ర మహాసభ 1935లో మన సిరిసిల్లలో జరిగింది. మానేరు ఒడ్డున మగ్గాల చప్పుడుతో బతికే ఊరు అది. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. హైదరాబాదులో తెలుగు ఆడపిల్లల కోసం బడి నిలబెట్టిన మనిషి ఆయన.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. మహాసభ జరిగిన ఊర్లనే ఆంధ్ర మహిళా సభ కూడా జరిగేది. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ, దేవరకొండలో టి. వరలక్ష్మమ్మ, ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించిండ్రు. ఆడపిల్లల చదువు, బాల్య వివాహాలు, పరదా, వితంతువుల బతుకు, ఇవీ వాళ్లు మాట్లాడిన ముచ్చట్లు.

ఆ రోజుల్ల ఒక ఇంటి కోడలు హైదరాబాదు దాకా పోయి సభలో కూర్చునుడు అయ్యే పని కాదు. సిరిసిల్లలో సభ అయితే సిరిసిల్ల ఆడవాళ్లు పోగలరు, చుట్టాలున్న పక్క ఊర్ల వాళ్లు రాగలరు. కొంగు సరిచేసుకుని ఒక మూలకు కూర్చుని, ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని సభ నడిపిస్తుంటే చూడగలరు. చూసినంక ఇంటికి పోయి అత్తతోని, బిడ్డతోని చెప్పగలరు. ఇవాళ మన ఊరి సంఘంలో అధ్యక్షురాలు లేచి మినిట్స్ పుస్తకం చదివితే మనకు వింత అనిపించదు. ఆ అలవాటుకు దారి వేసిన చోట్లలో మన సిరిసిల్ల ఒకటి.

కేస్లాపూర్: సర్కారే నడిచి వచ్చిన దర్బారు

ఇప్పుడు గోదావరి దాటి ఆదిలాబాద్ అడవులకు పోదాం. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య మాసం అమావాస్య నాడు నాగోబా జాతర మొదలైతది. మెస్రం వంశపు గోండులు జన్నారం దిక్కు హస్తిన మడుగుకు కాలినడకన పోయి, గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తరు. వచ్చి మర్రిచెట్టు కింద దిగుతరు. కొత్తగా పెండ్లయి వచ్చిన కోడండ్లను దేవునికి పరిచయం చేసే తంతు ఉన్నది, దాన్ని భేటింగ్ అంటరు. ఆ భేటింగ్ అయితేనే ఆమె ఆ వంశంలో మనిషి అయినట్టు. అంటే ఒక ఆడమనిషికి చోటు దొరికేది కూడా ఆ జాగలోనే, అందరి ముందలనే.

ఈ జాతరలోనే దర్బారు జరుగుతది. దాని కథ వినవలసినది. కొమురం భీం పన్నెండు గూడేల భూమి కోసం, అడవి మీద హక్కు కోసం కొట్లాడిండు. హైదరాబాదు దాకా పోయి మొర పెట్టుకోవాలని చూసినా ఎవరూ వినలేదని పెద్దలు చెప్పుకుంటరు. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయిండు. ఆ తర్వాత గోండుల బాధలు ఏందో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే పండితుడిని పంపింది. ఆయన, భార్య బెట్టి మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నరు. 1940లలోనే జాతర నాడు దర్బారు పెట్టే పద్ధతి మొదలైంది.

ఆలోచన సాదాది. గోండు మనిషి ఆఫీసుకు పోతే బంట్రోతు దాటనియ్యడు, భాష తెలియదు, కాగితం రాసేటోడు ఉండడు. జాతరకు మాత్రం అన్ని గూడేల జనం ఎట్లాగూ వస్తరు. అందుకని అధికారులే అక్కడికి రావాలె, చాప మీద కూర్చున్న మనిషి లేచి తన గోస చెప్పాలె. భీం పోయిన దారి మూసుకుపోయింది. దర్బారు ఆ దారిని తిరగేసింది. ఇప్పటికీ ప్రతి ఏడాది కలెక్టరు, ఐటీడీఏ అధికారులు, మంత్రులు కేస్లాపూర్‌కు వస్తరు, దరఖాస్తులు తీసుకుంటరు. అన్ని దరఖాస్తులకు పని అయితదా అంటే కాదు. గాని అడిగేటోడు తన దేవుని ముందల, తన వాళ్ల నడుమ నిలబడి అడుగుతడు. ఆఫీసు వరండాలో నిలబడి అడుగుడు వేరు, ఇది వేరు.

ఇంకొక మాట. ఆ నాగోబాకు మెస్రం వాళ్లు తమలో తాము చందాలు వేసుకుని రాతి గుడి కట్టుకున్నరు. 2022 డిసెంబరులో అది ప్రారంభమైంది. పైసా పైసా కూడబెట్టుడు అంటే ఏందో తెలిసిన మనకు ఆ గుడి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

జోడేఘాట్, ఇంద్రవెల్లి

భీం ప్రాణం పోయిన జోడేఘాట్ కెరమెరి మండలంలో గుట్టల నడుమ ఉన్నది. ఆశ్వయుజ పున్నమి నాడు అక్కడ ఆయన వర్ధంతి చేస్తరు. పట్నంలో విగ్రహం దగ్గర దండ వేసి పోవచ్చు, సులువు. అయినా జనం ఆ గుట్టలెక్కి పోతరు. అధికారులు అక్కడికి రావాలంటే రోడ్డు కావాలె, కరెంటు కావాలె. అట్ల వర్ధంతి పేరు మీదనన్న ఆ గూడేల దిక్కు చూపు పడ్డది. 2016లో అక్కడ స్మారకం, మ్యూజియం తెరిచిండ్రు. జాగను ఎంచుకుంటే ఆ జాగకు కూడా మేలు జరుగుతదని జోడేఘాట్ చెప్తది.

అన్ని జాగల కథలు సుఖంగా ముగియలేదు. 1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. గిరిజన రైతు కూలీ సంఘం భూముల మీద సభ పెట్టుకున్నది. సోమవారం ఎందుకంటే ఉప్పు, పప్పు కొనుక్కునేటందుకు గూడేలన్నీ ఆ రోజు అక్కడికే దిగుతయి. పిలుపు అందనోళ్లు కూడా వస్తరు. గాని చివరికి సభకు అనుమతి లేదన్నరు, 144 సెక్షన్ పెట్టిండ్రు. ఆ ముచ్చట కొండల మీది గూడేలకు చేరలేదు. జనం ఎప్పటి లెక్కనే వచ్చిండ్రు. పోలీసు కాల్పులు జరిగినయి. సర్కారు లెక్క 13 మంది. చనిపోయినోళ్లు అంతకంటే చాలా ఎక్కువ అని అక్కడి జనం ఇప్పటికీ చెప్తరు. వాళ్ల జ్ఞాపకంగా అక్కడ స్తూపం ఉన్నది. ఎన్నో ఏండ్లు ఆంక్షల నడుమనే దానికి దండం పెట్టుకున్నరు.

ఇంద్రవెల్లి మనకు రెండు సంగతులు నేర్పుతది. జనం వచ్చే చోట, వచ్చే రోజు సభ పెడితే అందరికీ అందుతది. జాగ గాని, తారీకు గాని మారితే ఆ కబురు ఆఖరి గూడెం దాకా చేరాలె. మార్పు సంగతి ఫోన్లున్నోళ్లకు మాత్రమే తెలిస్తే చాలదు.

మన తల్లులకు ఎవరూ నేర్పని తెలివి

ఇంత దూరం పోయి వెతికినం గాని, జాగ ఎంచుకునే విద్య మన ఇండ్లల్లనే ఉన్నది. బతుకమ్మ ఎక్కడ ఆడాలో మన అమ్మమ్మలకు ఎవరు చెప్పిండ్రు? గుడి ముందలనో, చెరువు కట్ట దగ్గరనో సాపు నేల చూస్తరు. నిమజ్జనానికి నీళ్లు దగ్గర ఉండాలె. చుట్టూ తిరిగేటందుకు చోటు ఉండాలె. ముసలమ్మ కూర్చునేటందుకు అరుగు, పిల్లలు ఆడేటందుకు జాగ కావాలె. చీకటి పడ్డా గుంపుగా ఇంటికి చేరేటట్టు ఉండాలె. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు మగవాళ్ల అనుమతి లేకుండ, స్టేజీ లేకుండ, ముఖ్య అతిథి లేకుండ నడిచే పండుగ అది. ఆడేటప్పుడు గుండ్రంగ నిలబడుతం. గుండ్రంలో ముందు వరుస ఉండదు, వెనుక వరుస ఉండదు.

దీపావళికి ఆదిలాబాద్ దిక్కు దండారీ జట్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చుట్టాల లెక్క పోతయి. పోయిన ఊరు వాళ్లకు అన్నం పెడతది, ఆట చూస్తది. ఆ పద్ధతిలో ఏ ఒక్క ఊరూ ఎప్పుడూ పెద్దది కాదు. ఇవాళ మీరు చుట్టాలైతే రేపు మేము.

ఈసారి మనం

ఫంక్షన్ హాలు చెడ్డదని మేము అనడం లేదు. వాన పడితే అక్కడ తడవం. ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఉంటయి. చంటిపిల్లను పడుకోబెట్టేటందుకు మూల దొరుకుతది. చెట్టు కింద సభ అని మురిసి, ఈ మూడు మరిచిపోతే నష్టపోయేది మళ్లీ మనమే. కాని హాలు కిరాయి మన పొదుపు వడ్డీ నుంచే పోతదని, ఆ కిరాయి ఇచ్చినంక కూడా సగం మంది నోరు విప్పకుండనే ఇంటికి పోయిండ్రని మరువద్దు.

అందుకని పాలకవర్గంలో కూర్చుని ఒక ప్రతిపాదన రాసుకున్నం. మీ గ్రామ సంఘం సమావేశంలో దీన్ని చదివి, మంచి చెడు రాసి పంపుమని కోరుతున్నం.

మహాజన సభ ఒక ఏడు గోదావరికి ఇవతల కరీంనగర్ దిక్కు, ఒక ఏడు అవతల ఆదిలాబాద్ దిక్కు జరగాలె. ఆతిథ్యం ఇచ్చే మండలం వంట మన సంఘాల అక్కలకే అప్పజెప్పాలె, ఆ పైసలు వాళ్లకే పోవాలె. జాగ ఖాయం చేసే ముందు ఆ మండలంలో అన్నిటికంటే దూరం గూడెం నుంచి ఒక అక్క బస్సులో వచ్చి, చూసి, సరే అనాలె. నీళ్లు, నీడ, మరుగుదొడ్లు ఆమెనే చూస్తది. గోండి, కొలామి, లంబాడి మాట్లాడే అక్కలు తమ భాషలోనే మాట్లాడుతరు. దాన్ని తెలుగులో చెప్పే మనిషి పక్కన ఉండాలె. 1921లో ఒక హాలులో తెలుగుకు జరిగింది మన సభలో ఇంకో భాషకు జరగవద్దు. అప్పులు, కిస్తులు, జరిమానాల ముచ్చట పొద్దుగాలనే రావాలె. సన్మానాలు భోజనాల తర్వాత. బస్సుకు పోవాల్సిన వాళ్లు సన్మానాలు చూడకుండ పోయినా నష్టం లేదు.

ఆఖరి మాట. పోయిన ఏడాది జరిమానా తీర్మానాన్ని ఈసారి మొదటి అంశంగా మళ్లీ చర్చకు పెడుతున్నం. ఉంచాలో తీసెయ్యాలో, గడువు పెంచాలో అందరూ ఉన్నప్పుడే తేలాలె. అప్పటిదాకా ఆ జరిమానా వసూలు చెయ్యవద్దని గ్రామ సంఘాలకు చెప్పినం. పోయినసారి బస్సుకోసం లేచిపోయిన అక్కలు ఈసారి ముందుగాల మాట్లాడాలె. మేము కింద కూర్చుని వింటం.