తిరిగొస్తారన్న రుజువేది?

కూతురి పురిటికని అమెరికా ప్రయాణం కట్టిన తల్లి చేతిలో ఉండే ఫైలు ఒకసారి చూడండి. అల్లుడి జీతం కాగితాలు, ఆహ్వాన పత్రం సరే. వాటి కింద బ్యాంకు స్టేట్‌మెంట్లు, భర్త పింఛను పుస్తకం, ఐటీ రిటర్నులు, పట్టాదారు పాసుపుస్తకం, ఊళ్లో ఇంటి పన్ను రసీదు. ఫైలు బరువు చూస్తే పొలం అమ్మకానికి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళుతున్నారేమో అనిపిస్తుంది. తీరా నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వంతు వచ్చాక, అద్దం అవతలి అధికారి చాలాసార్లు ఆ ఫైలు తెరవమనైనా అనరు. ఎందుకెళుతున్నారు, అక్కడెవరున్నారు, ఎన్నాళ్లుంటారు అని మూడు ముక్కలు అడిగి తేల్చేస్తారు. ఆ మూడూ నిజానికి ఒకే ప్రశ్న: వెళ్లినవాళ్లు తిరిగొస్తారా? వీసా చరిత్ర పొడవుగానే ఉంది కానీ, ఈ ప్రశ్న వయసు మాత్రం వందేళ్లే.

అడుగు పెట్టేందుకు అనుమతి చీటీ అడగడం పాత సంగతే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఇందుకోసం ముద్రాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. ఒక మాషం కట్టించుకుని ముద్ర ఇస్తాడు. అది ఉంటేనే జనపదంలోకి రావడానికైనా, బయటికి పోవడానికైనా వీలు. ముద్ర లేకుండా దొరికిన స్థానికుడికి 12 పణాల జరిమానా. దొంగ ముద్రతో దొరికితే శిక్ష ఇంకా ఎక్కువ, అలా దొరికినవాడు పరదేశి అయితే అన్నిటికన్నా పెద్ద దండన. తనిఖీ చేసే పని వివీతాధ్యక్షుడిది, అంటే పచ్చిక బయళ్ల అధికారిది. ఊరికీ ఊరికీ నడుమ మనిషి అలికిడి లేని నేల అతని అజమాయిషీలోది, దొంగలూ గూఢచారులూ తిరిగేదీ అక్కడే. అయితే ఆ ముద్ర నువ్వెవరని అడిగేదే గాని, ఎప్పుడు వెళ్లిపోతావని అడిగేది కాదు.

నువ్వెవరన్న ప్రశ్నకి కాగితం ఎంత బాగా అబద్ధం చెప్పగలదో ఫ్రెంచి విప్లవంలో తేలింది. 1791 జూన్‌లో పదహారో లూయీ రాజు పారిస్ నుంచి కుటుంబంతో పారిపోయాడు. ప్రయాణపు పాసు బారనెస్ ద కోర్ఫ్ అనే రష్యన్ దొరసాని పేరు మీద ఉంది. పిల్లల ఆయా దొరసాని వేషం కట్టింది, రాజుగారు ఆవిడ నౌకరయ్యాడు. వారెన్ అనే చిన్న ఊళ్లో బండి ఆపి పాసు చూశారు. అందులో వంక పెట్టడానికేమీ లేదు, అక్కడి అధికారి వదిలేసేవాడే. కానీ దారిలో సేంత్‌మెనూ దగ్గర రాజు మొహం గుర్తుపట్టిన టపా గుర్రాల అధికారి ద్రువే ముందుగా పరుగెత్తుకొచ్చి పట్టుబట్టాడు. కాగితం పాసైంది, మొహం ఫెయిలైంది. ఎవరైనా ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్లొచ్చని అదే ఏడాది గొప్పగా రాజ్యాంగం రాసుకున్న ఫ్రాన్సు, 1792లో మళ్లీ పాసులు తెచ్చుకుంది.

పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లొచ్చాక ఈ పాసుల పద్ధతి నిలవలేకపోయింది. గుర్రబ్బండిలో నలుగురిని ఆపి చూడొచ్చు గానీ, వందలమందితో వచ్చే రైలుని ప్రతి సరిహద్దులో ఎంతసేపు ఆపుతారు? పడమటి యూరపులో ఒక్కో దేశమూ ఆ జంజాటం వదిలించుకుంది. రష్యా, ఒట్టోమన్ సామ్రాజ్యం లాంటివి మాత్రం పట్టు విడవలేదు. 1914కి ముందు పాసుపోర్టన్నదే లేకుండా ఇండియా, అమెరికా వెళ్లొచ్చానని రచయిత స్టెఫాన్ జ్వైగ్ ఆత్మకథలో తలుచుకున్నాడు. ఆ బంగారు కాలాన్ని మనం కూడా తలుచుకుని మురిసిపోనక్కర్లేదు. అదే 1914లో 376 మందితో వాంకూవర్ చేరిన కొమగాట మారు ఓడని రెండు నెలలు రేవులో నిలబెట్టి, దాదాపు అందరినీ వెనక్కి పంపేశారు. ఓడలో ఉన్నది బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజలే, కాకపోతే భారతీయులు.

మొదటి ప్రపంచ యుద్ధంతో అందరికీ తలుపులు పడ్డాయి. గూఢచారుల భయంతో దేశాలన్నీ పాసుపోర్టూ వీసా తప్పనిసరి చేశాయి. మన దగ్గర 1917లో భారత రక్షణ నిబంధనల కింద పాసుపోర్టు వచ్చింది, 1920లో అది చట్టమైంది. అప్పట్లో దీన్ని యుద్ధకాలపు తాత్కాలిక ఏర్పాటనే అనుకున్నారు. 1920 అక్టోబరులో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి, పాత రోజులు తిరిగొచ్చేదాకా ప్రయాణికులని మరీ పీడించకుండా కొన్ని సూచనలు చేసింది. వీసా ఫీజు 10 బంగారు ఫ్రాంకులు దాటకూడదన్నది అందులో ఒకటి. పాత రోజులు రాలేదు. ఫీజు సంగతి సరేసరి, ఇవాళ అమెరికా విజిటర్ వీసాకి దరఖాస్తు రుసుమే 185 డాలర్లు, వీసా రాకపోయినా అది తిరిగి రాదు.

అసలు మలుపు 1924లో అమెరికా తిప్పింది. అంతవరకు వలస వచ్చేవాళ్లు ఓడ దిగాక ఎల్లిస్ ఐలండ్‌లో పరీక్షకి నిలబడేవారు. పనికిరారన్నవాళ్లని మళ్లీ ఓడెక్కించేవారు. ఆ ఏడాది వచ్చిన వలస చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టి, వడపోత పనిని విదేశాల్లోని కాన్సుళ్లకి అప్పగించింది. అంటే న్యూయార్కు రేవులో ఉండే గుమ్మాన్ని ఎత్తుకొచ్చి ఎవరి ఊళ్లో వాళ్లకి పెట్టారు. ప్రభుత్వానికి ఇది అన్నివిధాలా లాభం. కాదన్న మనిషి వాళ్ల నేల మీద ఉండడు, పోట్లాట లేదు. తెలుగువాళ్లు స్లాటు కోసం రాత్రుళ్లు కంప్యూటరు ముందు కూర్చోవడానికి మూలం నా లెక్కలో ఈ చట్టమే.

కోటా వలస వచ్చేవాళ్లకే, చూసిపోయేవాళ్లకి లేదు. దాంతో చూసిపోతామని వచ్చి ఉండిపోయేవాళ్లుంటారన్న అనుమానమూ మొదలైంది. 1952 చట్టం ఆ అనుమానాన్ని అక్షరాలా శాసనం చేసింది. తాత్కాలికంగా వచ్చే విదేశీయులని ఆ చట్టంలో ఏ, బీ, సీ అంటూ వరుసగా జాబితా వేశారు. రాయబారులు ఏ, వ్యాపారం మీదో విహారానికో వచ్చేవాళ్లు బీ, విద్యార్థులు ఎఫ్, తాత్కాలిక పనివాళ్లు హెచ్. మన ఇళ్లలో నోళ్లలో నానే హెచ్‌వన్ బీలోని హెచ్ ఆ వరుసలోని అక్షరమే. అదే చట్టంలోని 214(బి) సెక్షను ప్రకారం, కాదని కాన్సుల్‌కి నమ్మకం కలిగించేదాకా దరఖాస్తుదారు వలస వెళుతున్నట్టే లెక్క. రుజువు చేసుకోవాల్సింది ఆయనే. పట్టాదారు పాసుపుస్తకం ఫైలెక్కింది ఇందుకే. కాదంటే కోర్టుకెక్కే దారి దాదాపు లేదు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ వెళ్లాల్సిందే. ఇందులో వింతేమిటంటే, 1990లో హెచ్‌వన్ బీ వాళ్లని ఈ అనుమానం నుంచి మినహాయించారు. అక్కడ ఉద్యోగం చేయడానికి వెళ్లే కొడుకు తిరిగొస్తానని రుజువు చూపనక్కర్లేదు, వాణ్ణి చూసొద్దామని వెళ్లే తల్లి చూపాలి.

ఈ అనుమానం అందరి మీదా సమానంగా పడలేదు. 1986లో రెండు సంగతులు నెల తేడాలో జరిగాయి. అక్టోబరులో బ్రిటన్ భారతీయులకి ముందస్తు వీసా తప్పనిసరి చేసింది. అంతకుముందు మనవాళ్లు విమానమెక్కి హీత్రోలో దిగి అక్కడే అనుమతి అడిగేవారు. నవంబరులో అమెరికా కొన్ని దేశాల పర్యాటకులకి వీసా అక్కర్లేకుండా రానిచ్చే పథకానికి చట్టం చేసింది. 1988లో మొదట బ్రిటన్‌కీ, తర్వాత జపాన్‌కీ ఆ వీలు దక్కింది. మనిషిని కాక పాసుపోర్టుని నమ్మే రోజులు అలా స్థిరపడ్డాయి.

అమెరికా మీద 2001 సెప్టెంబరు దాడులు చేసినవాళ్లలో ఎక్కువమంది పర్యాటక వీసాల మీద వచ్చినవాళ్లే. ఆ తర్వాత ముఖాముఖి, వేలిముద్రలు తప్పనిసరయ్యాయి. అప్పటికి మన రెండు రాష్ట్రాలూ ఒకటే, అమెరికా వీసాకి చెన్నై పోవాలి. అయిదు నిమిషాల మాటకి రాత్రి రైలు, లాడ్జి, తెల్లారుజామున క్యూ. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు తెరిచాక ఆ ప్రయాణాల తిప్పలు తగ్గాయి, 2023లో అది నానక్‌రామ్‌గూడకి మారింది. అనుమానం తీరే దారి మాత్రం జనం వేరే వెతుక్కున్నారు. చిలుకూరు బాలాజీకి ముందు 11 ప్రదక్షిణలు, వీసా కొట్టాక 108.

మన దేశం కూడా ఇతరులకి గుమ్మమే. కాకపోతే 2014 నవంబరులో 43 దేశాల పర్యాటకులకి ఇంటి నుంచే దరఖాస్తు చేసుకునే పద్ధతి పెట్టింది. అలా వచ్చినవాళ్లు దిగడానికి ఎంచిన తొమ్మిది విమానాశ్రయాల్లో శంషాబాద్ ఒకటి.

ఇక తిరిగొస్తారన్న రుజువుకి ఈమధ్య ధర కూడా కట్టారు. 2025 ఆగస్టులో అమెరికా మలావి, జాంబియా దేశాల వాళ్లతో ఒక పద్ధతి మొదలుపెట్టింది. విజిటర్ వీసాకి అర్హులైనా సరే 5,000, 10,000 లేదా 15,000 డాలర్ల పూచీ కట్టాలి. ఎంతన్నది ఇంటర్వ్యూలో అధికారి చెబుతారు. గడువులోపు దేశం విడిచి వెళితే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు.