సారంగధరుని యోగదీక్ష: గౌరన ద్విపదలో అధికారిభేదం, తణుకు ప్రాంతపు యోగబోధన

జేమ్స్ మాలిన్సన్, మార్క్ సింగిల్టన్‌లు 2017లో వెలువరించిన ‘రూట్స్ ఆఫ్ యోగ’ సంకలనంలో సంస్కృతంతోపాటు తమిళం, ప్రాచీన మరాఠీ, వంగం, కాశ్మీరీ, వ్రజభాష, చివరకు టిబెటన్, అరబ్బీ, పారశీక భాషల రచనలకు కూడా చోటు దక్కగా, తెలుగు నుంచి ఒక్క పంక్తి అయినా చేరకపోవడాన్ని కేవలం యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడం కష్టం. శ్రీశైల భిక్షావృత్తి మఠాధిపతి ముక్తిశాంతుని ప్రేరణతో 15వ శతాబ్దిలో గౌరన రచించిన ‘నవనాథచరిత్రము’ కోరాడ రామకృష్ణయ్య పరిష్కరణలో మద్రాసు విశ్వవిద్యాలయ ప్రచురణగా 1937లోనే అచ్చయింది గనుక, గ్రంథం అలభ్యమన్న సాకు కూడా ఇక్కడ చెల్లదు.

ఇలాంటి ఉపేక్షే సింగిల్టన్ అంతకుముందు, 2010లో, ప్రకటించిన ‘యోగ బాడీ’లోనూ కనిపిస్తుంది. నేడు ప్రపంచమంతటా సాగుతున్న ఆసనప్రధానమైన యోగం స్వీడన్ వ్యాయామ పద్ధతులు, వై.ఎం.సి.ఎ. శారీరక శిక్షణ, 1930ల నాటి మైసూరు రాజాస్థానంలో తిరుమలై కృష్ణమాచార్యుల బోధన కలగలిసిన రూపమని ఆయన వాదించారు. పరిశీలన పరిధిని ప్రధానంగా ఆంగ్ల రచనలకు కుదించుకున్నట్లు ఆయనే చెప్పుకున్నా, ఆ పరిమితిని పాఠకలోకం మరచిపోయి నిర్ణయాన్ని మాత్రమే పట్టుకుంది. ఆసనాలే నిన్నమొన్నటివైతే ఇక సంప్రదాయాన్ని గౌరవించడమన్న ప్రశ్నే ఉండదనే ధీమా కొందరు శిక్షకులలో బలపడింది. భంగిమ వయస్సును లెక్కగట్టే ఈ పద్ధతికి ఉపదేశ పద్ధతి అనే మరొక ప్రమాణం ఉందన్న స్పృహ లేదు.

ఆ ప్రమాణాన్ని గౌరన చెప్పిన సారంగధరుని కథ స్పష్టంగా నిలబెడుతుంది. సవతితల్లి చిత్రాంగి మోపిన నిందకు తండ్రి ఆగ్రహించి కాలుచేతులు నరికించగా, అడవిలో పడి ఉన్న రాజకుమారుణ్ణి మీననాథుడనే సిద్ధయోగి ఆదుకొని యోగోపదేశం చేస్తాడు. సాధనబలంతో అవయవాలను తిరిగి పొందిన ఆ యువకుడే నవనాథులనే తొమ్మిదిమంది సిద్ధులలో చౌరంగిగా ప్రసిద్ధుడవుతాడు. ఇక్కడ గమనించవలసింది అద్భుతాన్ని కాదు, దానికి ముందరి ఘట్టాన్ని. పద్మాసనానికి కాళ్లు లేవు, ముద్రకు చేతులు లేవు. అయినా గురువు అతణ్ణి అనర్హుడని తోసిపుచ్చలేదు, ముందు శరీరం బాగుపడనిమ్మని వాయిదా వేయలేదు. సాధకుని స్థితినిబట్టి ఉపదేశం రూపం మారాలన్న సూత్రాన్ని, అంటే శాస్త్రకారులు అధికారిభేదమని వ్యవహరించేదాన్ని, ఇంతకన్న తీవ్రంగా పరీక్షకు పెట్టిన కథ యోగసాహిత్యంలో అరుదు. ద్విపదలో, అంటే రెండేసి పాదాలుగా సాగి పాడుకోవడానికి వీలైన దేశిఛందస్సులో, చెప్పినది గనుక ఈ సూత్రం మఠం గోడలు దాటి శ్రోతల వద్దకు చేరిందని భావించవచ్చు.

గౌరన కథాస్థలం మాళవదేశమన్నది నిజమే. అయినా చేమకూర వెంకటకవి మొదలైన తర్వాతివారు ఈ కథను రాజరాజనరేంద్రునికీ రాజమహేంద్రవరానికీ ముడిపెట్టడం, ఆ ఊళ్లో సారంగధర మెట్ట నేటికీ ఆ పేరుతోనే ఉండడం చూస్తే, గోదావరి సీమ ఈ సిద్ధుణ్ణి తనవాడిగా చేసుకుందని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’తో కథ దుఃఖాంత నాటకంగా స్థిరపడి, చిత్రాంగి ఘట్టం నిలిచి యోగఘట్టం మరుగున పడింది. తెలుగువారి యోగస్మృతికి జరిగిన నష్టాల్లో ఇది చిన్నది కాదు.

నన్నయ స్వస్థలంగా స్థానికులు చెప్పుకునే తణుకులోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ తెల్లవారుజామున సాగే యోగా తరగతులను ఈ దృష్టితో పరిశీలించాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి వెనుక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ముందు చాపల మీదివారికి చెప్పిన ఆసనాన్నే ‘చేయగలిగినంత’ చేయమనడం వాడుక. కుర్చీ వేయడంలో దయ ఉంది గాని, ఆ కుర్చీలోని సాధకుని కోసం వేరే ఉపదేశం లేదు. ప్రాణాయామం, ధారణ వంటివి అతనికి మరింత విస్తారంగా చెప్పవచ్చునన్న ఆలోచన శిక్షకునికి తట్టదు. 2025 జూన్ 21న విశాఖ రామకృష్ణా బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షలకు పైగా జనం ఒకే 45 నిమిషాల ప్రోటోకాల్ ప్రకారం కదిలిన ‘యోగాంధ్ర’ ఈ ఏకరూపతకు పరాకాష్ఠ. ప్రచారంగా అది ఘనమే. ఉపదేశంగా చూస్తే మీననాథునికి అక్కడ చోటు లేదు.

హఠప్రదీపిక ఆసనాన్నే తొలి అంగంగా చెప్పిందన్న ఆక్షేపణ ఉన్నా, ఆసనం ముందు రావడం వేరు, అందరికీ ఒకే ఆసనం కావడం వేరు. పతంజలి యమనియమాలను, అంటే ఇతరులపట్ల, తనపట్ల పాటించవలసిన కట్టుబాట్లను, ఆసనానికి ముందు ఉంచడం శిక్షకునికి కూడా వర్తిస్తుంది: అహింస పాటించేవాడు బిగుసుకున్న నడుమును చేత్తో బలవంతాన వంచడు, సత్యం పాటించేవాడు షుగరు మాత్రలు మానేయవచ్చని నోరు జారడు. తరగతి మొదట ఓంకారం పలికించి, గోడకు పతంజలి పటం తగిలించి గౌరవం తీరిపోయిందనుకోవడం కంటే ఈ రెండూ పాటించడం కష్టం. అందుకే కాబోలు, పటాలు పెరుగుతున్నాయి.

శిక్షకుల ధ్రువీకరణకు యోగా సర్టిఫికేషన్ బోర్డు నిర్దేశించిన పాఠ్యాంశాలలో యోగసూత్రాలు, హఠప్రదీపిక, ఘేరండసంహిత ఉన్నాయి. తెలుగునాట వాటి పక్కన ‘నవనాథచరిత్రము’లోని సారంగధర భాగాన్ని చేర్చడానికి కొత్త అనువాదం అక్కరలేదు, కథను పరిచయం చేయవలసిన పని అంతకన్నా లేదు. కన్నతల్లి రత్నాంగి, సవతితల్లి చిత్రాంగి, మెట్ట మీది శిక్ష నాటకాల వల్ల ఈ ప్రాంతంలో చాలామంది పెద్దవారికి తెలిసినవే కాబట్టి, శిక్షకుడు చదివించవలసింది శిక్ష అమలైన తర్వాతి పుటలు మాత్రమే.