వంకర కత్తి

చిన్నప్పుడు కత్తి చేతిలోకి తీసుకుంటే చాలు, "నీ వైపుకి కొయ్యకురా, చెయ్యి తెగుద్ది" అని కేకేసేది మా అమ్మమ్మ. తన వైపుకే లాగి చెక్కే కత్తి ఒకటుందని నాకు తెలిసింది యాభై దాటాక, అమెరికా ఈశాన్యపు కొసనున్న మెయిన్ రాష్ట్రంలో.

అక్కడ ఒక మ్యూజియంలో అద్దం వెనక జానెడేసి కత్తులు పదో పన్నెండో వరసగా పెట్టారు. సన్నటి అలుగు, కొస పైకి వంగి ఉంది. పిడి నిటారుగా లేదు, పక్కకి ఒరిగి ఉంది, బొటనవేలు ఆనడానికి చోటు చెక్కి ఉంది. ఒక పిడి మీద గుర్రం తల, ఒకదాని మీద హృదయం గుర్తు, మరొకదాని మీద ఎవరివో పొడి అక్షరాలు. కింద చీటీలో "ఇండియన్. చేసినవారు తెలియదు" అని రాసి ఉంది. "ఏవండోయ్, మనవాళ్ళేనట!" అని నవ్వింది మా ఆవిడ. నేనూ నవ్వాను గానీ, ఆ రెండో వాక్యం మనసులో ముల్లులా ఉండిపోయింది.

దీన్ని ఇంగ్లీషులో క్రూకెడ్ నైఫ్ అంటారు, అంటే వంకర కత్తి. అల్గాంక్వియన్ కుటుంబపు భాషల్లో మొకొటాగన్ అని ఒక పేరు. అరచెయ్యి పైకి తిప్పి పట్టుకుని తన వైపుకి లాగాలి. రెండో చెయ్యి చెక్కని పట్టుకుంటుంది కనక బల్లతో, బిగింపుతో పని లేదు. అడవిలో కూర్చున్న చోటే కార్ఖానా.

ఇనుము రాకముందు ఈ పని బీవర్ పన్ను చేసేది. ఉలి అంచు లాంటి ఆ ముందుపన్నుని పిడికి బిగించి చెక్కేవారు. 1600లలో ఆ బీవర్ తోళ్ళ కోసమే ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, బదులుగా ఇనుము ఇచ్చారు. గుర్రపు గిట్టలు చెక్కే యూరప్ కత్తిని చూసి దీన్ని చేశారని కొందరి వాదన. బీవర్ పన్ను పనిముట్టే ఇనుములో మళ్ళీ పుట్టిందని ఇంకొందరిది. నా మొగ్గు రెండో వైపే.

1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ తరవాత్తరవాత అలుగులు కూడా అమ్మింది. చాలామంది మాత్రం అరిగిపోయిన ఆకురాయినో, పాత మంగలికత్తినో, బోను స్ప్రింగునో సానబట్టి అలుగు చేసుకునేవారు. పిడి ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళే చెక్కుకునేవారు. ఆ కత్తితోనే మంచుబూట్ల చట్రాలు, తెడ్లు, పడవల పక్కబద్దలు చెక్కారు. ఆ పడవల బెరడు బర్చ్ చెట్టుది, అంటే మన భూర్జపత్రపు చెట్టుకి దాయాది. 1890ల చివర స్మిత్సోనియన్ వారి ఓటిస్ మేసన్ ఈ కత్తి మీద పెద్ద వ్యాసమే రాశారు.

తరవాత భూములు పోయాయి. 19వ శతాబ్దంలో పెనోబ్‌స్కాట్, పాసమక్వాడీ కుటుంబాలు వేసవిలో బార్ హార్బర్ దగ్గర గుడారాలు వేసుకుని, షికారుకొచ్చిన డబ్బున్నవాళ్ళకి ఆష్ చెక్క బుట్టలు అమ్ముకున్నాయి. పడవలు చెక్కిన కత్తే బుట్టల పిడులు చెక్కి కడుపు నింపింది. సొంత గడ్డ మీద వాళ్ళకి జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1954లో. పోయిన భూముల దావాకి 1980లో 8 కోట్ల 15 లక్షల డాలర్లతో ఒప్పందం కుదిరింది.

ఇంటికొచ్చాక నేనూ ఒకటి చేద్దామనుకున్నాను. మా తాతయ్య వడ్రంగి. తన బాడిశకి తుమ్మ పిడి తనే చెక్కుకుని, దాని మీద రెండు గాట్లు పెట్టుకున్నాడు, అదే ఆయన సంతకం. నాన్నకి గుమాస్తా ఉద్యోగం రాగానే ఆ పనిముట్ల సంచీ పాత ఇనుము కొనేవాడి తక్కెట్లోకి వెళ్ళింది. "ఇంక మనింట్లో ఎవడూ ఉలి పట్టడు" అన్నాడట నాన్న, గర్వంగా. ఆ గర్వం వల్లే నేను చదువుకున్నాను. అందుకే ఆయన్ని తప్పు పట్టలేను.

గరాజ్ సేల్‌లో పాత ఆకురాయి ఒకటి కొన్నాను. ఎర్రగా కాల్చి, రాత్రంతా బూడిదలో మెల్లగా చల్లారనిచ్చి మెత్తబరచి, పళ్ళు అరగదీసి, కొస వంచాను. మళ్ళీ అయస్కాంతం అంటనంత వేడి చేసి నూనెలో ముంచాను. పదును భలే వచ్చింది. మొదటి లాగుకే అలుగు గాజుముక్కలా పుటుక్కుమంది! గట్టిపడిన ఉక్కుని మళ్ళీ కాస్త వేడిచేసి పెళుసుదనం తగ్గించాలన్న సంగతి తాతయ్యకి తెలిసే ఉంటుంది, నాకు చెప్పేవాళ్ళు లేరు. రెండోదాన్ని వంటింటి ఓవెన్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రెండు గంటలు ఉంచాను. ఎండుగడ్డి రంగు తేలింది. అలుగు నిలిచింది. మేపుల్ పిడికి గాడి తీసి, అలుగు తోకని అందులో కూర్చి, దారంతో బిగించి చుట్టాను.

ఇక నగిషీ. గుర్రం తల చెక్కబోయి ఆగాను. అవి వాళ్ళవి, వాళ్ళ బుట్టల పని ఇప్పటికీ బతికే ఉంది. 2018లో ఆష్ చెట్లని చంపే పచ్చపురుగు మెయిన్‌లో కనబడింది. అప్పట్నుంచి ఆ చెట్లని, వాటి విత్తనాలని కాపాడుకోడానికి వాళ్ళు తంటాలు పడుతున్నారు.

నా పిడి మీద రెండు గాట్లు పెట్టాను. పోయినసారి నాన్నని చూడ్డానికి వెళ్ళినప్పుడు పెట్టెలో చుట్టి పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఆ గాట్ల మీద బొటనవేలు పెట్టి తడిమి చూశాడు.

"మీ తాతవి ఇంకొంచెం లోతుగా ఉండేవి" అన్నాడు.